వెల్లమ్మకు మనమేం చెబుదాం?

నల్లపాడు దాటాక రోడ్డు పక్కనే ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీలో గఫూర్ కంప్రెసర్ ఆపరేటరు. ముప్పై ఒక్కేళ్ళవాడు. ఆరు గదుల నిండా టిక్కీలనే మిర్చి బస్తాలు, వాటిని చల్లగా ఉంచే రెండు పెద్ద యంత్రాలు, వాటి హోరు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అతని లోకం అంతే. గంటకోసారి గదుల చల్లదనం ఎంతుందో చూసి రిజిస్టర్లో రాయాలి. యంత్రాలు మొరాయించకుండా ఉంటే తక్కిన పొద్దంతా అతనిదే. ఆ పొద్దులో అతను ఒక పాత లాప్‌టాప్ ముందేసుకుని, మంత్రాలూ రాక్షసులూ ఉన్న ఒక రాజ్యాన్ని కాపాడుతూ ఉండేవాడు.

ఆ గేములో గఫూర్ ఒక వీరుడు. అతని వెంట ముగ్గురు తిరుగుతారు. ఒకడు తాళాలు తీసే పొట్టివాడు, ఇంకొకడు తాగుబోతు మాంత్రికుడు, మూడో మనిషి వెల్మోరా. ఆమె అగ్నిదేవత గుడిలో పెరిగిన కత్తి యోధురాలు. కుడి అరచెయ్యి చాస్తే మంట వస్తుంది. గఫూర్ గెలిచిన యుద్ధాలన్నీ నిజానికి ఆమె గెలిచినవే. అందుకని తనకు దొరికిన మంచి కత్తీ, మంచి కవచమూ ఆమెకే తొడిగాడు.

మార్చి నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టారు. షెడ్డులో తొడిమలు తీస్తూ, రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు ముక్కులకు కట్టుకున్న గుడ్డలు విప్పుకుని బయటికొచ్చారు. వాళ్ళ ముఠాకు పెద్ద ప్రేమమ్మ. యాభై దాటిన మనిషి, గొంతు విప్పితే యంత్రాల హోరు కూడా తగ్గినట్టుండేది. మంచినీళ్ళ కూలరు గఫూర్ గది గుమ్మం పక్కనే ఉంటుంది. సీసా నింపుకుంటూ ఆమె లోపలికి తొంగి చూసింది.

"ఏందయ్యా గఫూరూ, ఆ పిల్ల ఎందుకు ఏడుస్తంది?"

గఫూర్ ఉలిక్కిపడ్డాడు. తెర మీద వెల్మోరా కత్తి నేలకు ఆనించి మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఒక ముసలివాణ్ణి స్తంభానికి కట్టేసి ఉంచారు.

"ఏం లేదు పిన్నీ. గేము."

"గేమైతే ఏడుపు ఎందుకంట?"

చెప్పకపోతే కదిలేలా లేదు. గఫూర్ చెప్పాడు. వెల్మోరా పసిపిల్లగా ఉన్నప్పుడు ఎవరో సైన్యంతో వచ్చి ఆమె ఊరు తగలబెట్టారు. అమ్మా నాన్నా అందరూ పోయారు. ఇప్పుడు స్తంభానికి కట్టేసి ఉన్న ఈ ఓర్తన్ అనే సేనాపతి ఆ బూడిదలోంచి ఆమెను ఎత్తుకెళ్ళి, గుడికి అప్పగించి, కన్నబిడ్డలా చూసుకున్నాడు. కత్తి పట్టడం నేర్పింది ఆయనే. తగలబెట్టించింది కూడా ఆయనేనని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

ప్రేమమ్మ సీసా పొంగి నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నాయి. చూసుకోలేదు.

"ఓరి వాడి దుంప తెగ! ఇప్పుడేం చేసిద్దంట?"

"నన్నడుగుతంది. నేనేం చెప్తే అది."

"నిన్నా!" అంది ప్రేమమ్మ. "ఇంకెవరూ దొరకలేదా దానికి?"

ఐదు నిమిషాల్లో గది గుమ్మంలో పదిమంది పోగయ్యారు. వెల్మోరా అన్న పేరుకు ఎవరి నోరూ తిరగలేదు. కాసేపటికి ఆమె వెల్లమ్మ అయింది.

"ఇందులో రెండే దార్లు," అన్నాడు గఫూర్. "చంపెయ్ అంటే దేవత ఆమెను గుడికి పెద్దను చేసిద్ది. వదిలెయ్ అంటే వెల్లమ్మ చచ్చిపోద్ది."

"అట్టా లేదక్కడ," అంది వెనకనుంచి శాంతి. ముఠాలో ఇంటర్ పాసయిన పిల్ల ఆమె ఒక్కతే. కళ్ళు చికిలించి తెర మీది ఇంగ్లీషు కూడబలుక్కుంది. "చేతిలో మంట పోద్దని ఉంది. చచ్చిపోద్దని లేదు. మూడో దారి కూడా ఉంది. నీ ఇష్టం అని."

అందరూ గఫూర్ వైపు తిరిగారు.

"మంట పోతే చచ్చిపోయినట్టేగా," అని గొణిగాడు గఫూర్. "ముందు ముందు కొండంత డ్రాగన్ ఉంది. మంట లేకుండా దాన్ని ఎట్టా కొట్టేది?"

"అదీ సంగతి!" అంది ప్రేమమ్మ. "నీ డ్రాగన్ కోసం ఆ పిల్ల చేత తండ్రిని చంపిస్తావన్నమాట."

"తండ్రెట్టా అయ్యాడు పిన్నీ, ఊరు తగలబెట్టినోడు?"

"పెంచాడుగా!"

"తగలబెట్టాకేగా పెంచింది!"

ఆ మాట మీద ఆడవాళ్ళు రెండుగా చీలిపోయారు. అన్నం క్యారియర్లు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఉన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ దానయ్య, అరవయ్యేళ్ళవాడు, గొడవ విని ఏం కొంప మునిగిందోనని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. విషయం తెలుసుకుని, కర్ర గోడకు ఆనించి, గొంతు సవరించుకున్నాడు.

"క్షమించాలమ్మా. పగ పట్టుకుని ఎన్నాళ్ళు బతుకుతాం? పోయేప్పుడు కట్టుకుపోతామా?"

ఆడవాళ్ళంతా ఒక్కసారి ఘొల్లున నవ్వారు. దానయ్య తన సొంత అన్న పిచ్చయ్యతో పదకొండేళ్ళుగా మాట్లాడటం లేదు. పొలం గట్టు దగ్గర తగాదా. ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో ఉంటూ, అన్న ఎదురొస్తే దానయ్య కాలవలో దిగి అవతలి గట్టు ఎక్కిపోతాడని ఆ ముఠాలో అందరికీ తెలుసు.

"చెప్పేవి శ్రీరంగనీతులు," అంది ప్రేమమ్మ. "ముందు నువ్వెళ్ళి మీ అన్నను పలకరించి రా దానయ్యన్నా. అప్పుడు వెల్లమ్మకు చెబుదువు."

దానయ్య మొహం ఎర్రబడింది. కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. బెల్లు కొట్టారు. గఫూర్ ఏదీ నొక్కకుండా లాప్‌టాప్ మూశాడు. తాము లేకుండా నొక్కితే ఊరుకునేది లేదని ప్రేమమ్మ చెప్పి వెళ్ళింది.

బుధవారం పంచాయితీ మళ్ళీ మొదలైంది. ఈసారి అన్నం తింటూనే. ప్రేమమ్మ ఆదివారం ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే మనిషి కాబట్టి క్షమించమనే అంటుందని గఫూర్ అనుకున్నాడు. ఆమె అలా అనలేదు.

"క్షమించడం వేరు, వదిలెయ్యడం వేరు," అంది. "క్షమించడానికి వాడు తప్పొప్పుకోవాలిగా. ఒప్పుకున్నాడా?"

గఫూర్ వెనక్కి వెళ్ళి ఓర్తన్ మాటలు మళ్ళీ వినిపించాడు. శాంతి అర్థం చెప్పింది. "'ఆనాడు నాకు ఆజ్ఞ వచ్చింది. చేశాను' అంటన్నాడు."

"ఆజ్ఞంట ఆజ్ఞ! చేతులు వాడివి కావా?"

ఆ సమయానికి సూపర్‌వైజరు రామకాంత్ గారు వచ్చారు. బెల్లు కొట్టి పది నిమిషాలైనా షెడ్డులో ఒక్కరూ లేరు. ఆయన కేకలేయడానికే నోరు తెరిచారు కానీ, గుమ్మంలో ఉన్నవాళ్ళు అప్పటికే కథ సగం చెప్పేశారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని తెర వైపు చూశారు.

"పాపభీతితో పెంచాడా, పనికొస్తుందని పెంచాడా?" అన్నారు.

అప్పటిదాకా ఎవరికీ ఆ ప్రశ్న తట్టలేదు. గఫూర్ కూడా తల గోక్కున్నాడు.

"అది తేలకుండా మీరు ఎట్లా తీర్పు చెబుతారండీ?" అని ఆయన ఇంకో పది నిమిషాలు నిలబడ్డారు. తర్వాత తను సూపర్‌వైజరునన్న సంగతి గుర్తొచ్చి అందర్నీ షెడ్డులోకి తోలారు.

గురువారం దానయ్య ఒక పూట సెలవు పెట్టాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు బుసలు కొడుతూ వచ్చాడు. వస్తూనే గఫూర్ గదిలోకి దూరి, "చంపెయ్యమను!" అన్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"మా అన్న ఇంటికి పోయా. గుమ్మంలో నిలబడి, 'ఒరే అన్నా, జరిగిందేదో జరిగింది, నిన్ను క్షమిస్తన్నా' అన్నా. ఎంత మంచిగా అన్నా! దానికి వాడేమన్నాడో తెలుసా? 'నన్ను క్షమించడానికి నువ్వెవడివిరా? గట్టురాయి జరిపింది నువ్వు' అన్నాడు."

ప్రేమమ్మ నోట్లో ముద్ద ఆగింది. "మరి జరిపింది నువ్వేనా?"

దానయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. "జానెడు జరిపా. వాడు మూరెడు దున్నుకున్నాకే."

"తర్వాతేమైంది?"

"ఏముంది, ఇద్దరం అరుచుకున్నాం. వీధంతా వచ్చింది. గొంతెండిపోతే వదిన మజ్జిగిచ్చింది. తాగొచ్చా."

ఆ రోజు పంచాయితీ ముందుకు సాగలేదు. నవ్వి నవ్వి ఒకావిడకు పొలమారింది.

శనివారం ఇక తేల్చేయాలని నిర్ణయించారు. చేతులెత్తమంటే ఒకర్ని చూసి ఒకరు ఎత్తుతారని శాంతి ఒక ఉపాయం చెప్పింది. ఎర్రకాయ వేస్తే వదిలెయ్, తాలుకాయ వేస్తే చంపెయ్. ఒక ఖాళీ డబ్బా గది మూల పెట్టారు. ఒక్కొక్కరే వెళ్ళి గుప్పిట మూసి వేసి వచ్చారు. రామకాంత్ గారు తనకు ఓటు లేదా అని అడిగారు. ఉందన్నారు. డబ్బా బోర్లిస్తే పదిహేను ఎర్రవి, ఏడు తాలువి వచ్చాయి. తాలుకాయల్లో ఒకటి తనదేనని గఫూర్ ఒప్పుకోలేదు గానీ మొహం చెబుతూనే ఉంది.

"వదిలెయ్ అని నొక్కు," అంది ప్రేమమ్మ.

గఫూర్ నిట్టూర్చి నొక్కాడు. డ్రాగన్ ముందు తన గతి ఏమవుతుందో అతనికి అప్పుడే కళ్ళకు కట్టింది.

తెర మీద వెల్లమ్మ తలెత్తింది. చాలాసేపు గఫూర్ వీరుడి వైపు చూసింది. తర్వాత మాట్లాడింది. గఫూర్ అర్థం చెప్పబోయి ఆగిపోయాడు.

"ఏమంటంది?" అన్నారందరూ.

శాంతి ముందుకొచ్చి చదివింది. "'దయ గురించి నువ్వా చెప్పేది? ఏటి ఒడ్డున ముసలమ్మ గాడిదను తోలుకెళ్ళి సంతలో అమ్మినప్పుడు నీ దయ ఎక్కడుంది? ఊబిలో నేను దిగబడితే నన్నొదిలి పరిగెత్తినప్పుడు ఎక్కడుంది? ఇన్నాళ్ళూ నా చేతిలో మంట కోసమే నన్ను వెంట తిప్పుకున్నావు. నా తండ్రి సంగతి నాకొదిలెయ్.'"

గదిలో ఇరవై జతల కళ్ళు గఫూర్ మీద పడ్డాయి.

"గాడిదను అమ్మావా?" అంది ప్రేమమ్మ మెల్లగా.

"పిన్నీ, అది గేము. నిజం గాడిద కాదు."

"ముసలమ్మ గాడిదనా?"

"అప్పుడు నాకు విల్లు కొనుక్కోవాల్సి వచ్చింది!"

ఈలోగా తెర మీద వెల్లమ్మ ఓర్తన్ కట్లు కోసేసింది. అతని మెడపట్టీ పట్టుకుని గుడి తలుపులోంచి బయటికి ఈడ్చుకుపోయింది. తలుపు మూసుకుంది. వెల్మోరా మిమ్మల్ని విడిచి వెళ్ళిపోయిందని కింద ఒక్క వాక్యం వచ్చింది.

ప్రేమమ్మకు కన్నీళ్ళొచ్చాయి. అలవాటుగా చేత్తో తుడుచుకుంది. పొద్దుటినుంచి మిరపకాయలు పట్టిన చెయ్యి అది. తర్వాత పది నిమిషాలు ఆమెను కూలరు కింద కూర్చోబెట్టి మొహాన నీళ్ళు పోయడంతోనే సరిపోయింది. వెనక గదిలోంచి గఫూర్ కేకలు వినబడుతూ ఉన్నాయి. "నా కత్తి! నా కవచం! అన్నీ ఆమె ఒంటిమీదే పోయాయి!"

"నీ కత్తేందయ్యా," అన్నారు రామకాంత్ గారు. "ఆమె కత్తి."

ఆదివారం ఇంట్లో కూర్చుని గఫూర్ రహస్యంగా ఒక పని చేశాడు. గేములో గుడి ఘట్టానికి ముందు సేవ్ చేసి దాచుకున్న చోటికి వెనక్కి వెళ్ళి, ఈసారి 'చంపెయ్' నొక్కాడు. వెల్లమ్మ గాడిద మాటే ఎత్తి, తండ్రిని ఈడ్చుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ వెళ్ళి 'నీ ఇష్టం' నొక్కాడు. "ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా నా ఇష్టం?" అని వెళ్ళిపోయింది. తొమ్మిదిసార్లు ప్రయత్నించాడు. తొమ్మిదిసార్లూ తలుపు మూసుకుంది. ఆఖరిసారి గఫూర్‌కు నిజంగానే మనసు చివుక్కుమంది. ఒక బొమ్మ తనను కాదనడం వల్ల వచ్చిన బాధ కాదు అది. ఊబి దగ్గర పరిగెత్తిన సంగతి అతను ఎప్పుడో మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు.

సోమవారం ఒప్పేసుకున్నాడు. ఆడవాళ్ళు తిట్టలేదు. వాళ్ళ ధ్యాసంతా ఇంకోదాని మీద ఉంది.

"ఆ తలుపు దాటాక ఆయన్ను ఏం చేసింది?" అంది ప్రేమమ్మ. ఆమె కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "శనివారంనుంచీ నిద్రలేదు నాకు."

"నెట్‌లో చూస్తే తెలిసిపోద్ది పిన్నీ. వేరేవాళ్ళు ఆడింది పెడతారు."

"వేరేవాళ్ళ ఇంట్లో ఏం జరిగితే మనకెందుకు? మన వెల్లమ్మ ఏం చేసిందో చెప్పు."

"అది తెలియాలంటే ఆమె మనతో ఉండాలి. ఉండాలంటే గాడిదకు ముందునుంచీ మళ్ళీ ఆడాలి. నలభై గంటలు."

"రోజుకు ముప్పావు గంట భోజనాలు," అంది శాంతి వేళ్ళు మడుస్తూ. "మే నెల ఆఖరుదాకా పనుంది మాకు."

అలా మళ్ళీ మొదలైంది. ఈసారి గఫూర్‌కు స్వేచ్ఛ లేదు. ప్రతి మాటకూ వెనకనుంచి ఆజ్ఞలు వచ్చేవి. ముసలమ్మకు దణ్ణం పెట్టమన్నారు, పెట్టాడు. గాడిదకు గడ్డి వేయమన్నారు. గడ్డి వేసే మీట గేములో లేదని నమ్మించడానికి రెండు రోజులు పట్టింది. ఊబిలో వెల్లమ్మ దిగబడితే గఫూర్ వీరుడు కూడా దిగి, ఆమెతోపాటు నాలుగుసార్లు మునిగి చచ్చి, ఐదోసారి ఇద్దరూ బయటపడ్డారు. ఆ రోజు ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇలా ధర్మంగా నడిచేసరికి వీరుడి దగ్గర మంచి విల్లూ లేదు, చెప్పులూ లేవు. ఈ సత్రకాయ వెంట తిరిగితే తిండికి లేదని పొట్టివాడు సగం దారిలో తిట్టి వెళ్ళిపోయాడు.

"పోతే పోనీ," అంది ప్రేమమ్మ. "అందరికీ మంచనిపించుకోడానికి మనమేమన్నా దేవుళ్ళమా?"

దానయ్య మాత్రం ఆదివారాలు అన్న ఇంటికి పోయి పెట్టుకునే పంచాయితీ సంగతి తనంతట ఎవరికీ చెప్పేవాడు కాదు. అడిగితే, "పోయా. కొట్లాడా. ఇంకా సగం కూడా తేలలేదు," అనేవాడు. మజ్జిగ స్థానంలో భోజనం పెడుతున్నారని మాత్రం ఒకసారి నోరు జారాడు. ఆ గట్టు ఎప్పటికి తేలుతుందో తెలియదు గానీ, అన్న ఎదురైతే కాలవలో దిగడం మానేశాడు.

మే ఆఖరి వారానికి షెడ్డులో కాయ అయిపోవచ్చింది. ఒక మధ్యాహ్నం గఫూర్ వీరుడు మళ్ళీ ఆ గుడి మెట్లెక్కాడు. అదే స్తంభం, అదే ముసలివాడు, కత్తి ఆనించి మోకాళ్ళ మీద అదే మనిషి. కానీ ఈసారి ఆమె చూపు వేరుగా ఉంది.

"ఏమంటంది?" అన్నారు.

"'నువ్వేం చెబితే అది చేస్తాను. నిన్ను నమ్ముతాను,'" అని చదివింది శాంతి.

"నొక్కవయ్యా, వదిలెయ్ అని," అన్నారు ఎవరో. డబ్బాలో పడ్డ ఎర్రకాయల తీర్పు ఎవరూ మరిచిపోలేదు.

గఫూర్ వేలు మౌసు మీద ఉంది. కదల్లేదు. మొదటిసారి అతను చులాగ్గా నొక్కాడు. ఇప్పుడు తను చంపమంటే ఆమె చంపుతుంది, వదలమంటే వదులుతుంది. తర్వాత రాత్రుళ్ళు ఆమే మేలుకోవాలి, తను కాదు. ఈ ఆలోచన వచ్చేసరికి అతను మౌసు వదిలేశాడు.

"నావల్ల కాదు పిన్నీ," అన్నాడు.

రామకాంత్ గారు కళ్ళజోడు తీశారు. గఫూర్ 'నీ ఇష్టం' అన్నదాన్ని నొక్కాడు. ఎవరూ కాదనలేదు.

వెల్లమ్మ లేచింది. కట్లు కోసింది. ఓర్తన్‌ను తలుపుదాకా ఈడ్చి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి ఏదో అంది.

"'నువ్వూ రా,' అంటంది!" అని అరిచింది శాంతి.

తలుపు తెరుచుకుంది. అవతల బూడిద కొట్టుకుపోయిన ఊరు, మొండి గోడలు, వాటి మధ్య ఎముకలు. వెల్లమ్మ ముసలివాడి చేతిలో పార పెట్టింది. "'నూట పన్నెండు మంది. ఒక్కొక్కరికీ గొయ్యి తవ్వు. పేర్లు నేను చెబుతాను,'" అని చదువుతూ శాంతి గొంతు తగ్గిపోయింది. ముసలివాడు మొదటి గొయ్యి మొదలుపెట్టాడు. ఆమె చేతిలో మంట ఒకసారి రెపరెపలాడి ఆరిపోయింది. ఆమె చూసుకోనైనా లేదు.

"అమ్మయ్య," అంది ప్రేమమ్మ. చంపలేదనో, ఊరికే వదల్లేదనో, ఎందుకందో ఆమె చెప్పలేదు.

తర్వాత వెల్లమ్మ రెండో పార తీసి గఫూర్ వీరుడి ముందు పడేసింది. తెర కింద ఒక మాట వెలిగింది. తవ్వడానికి మీట నొక్కండి.

గఫూర్ నొక్కాడు. ఒక పార మట్టి లేచింది. మళ్ళీ నొక్కాడు. ఇంకో పార లేచింది.

"నూట పన్నెండుకీ ఇట్టాగే నొక్కాలా?" అన్నాడు నీరసంగా.

"సగం ఆయన తవ్వుతాడుగా," అన్నాడు దానయ్య. "నడుం వంచు."

బెల్లు కొట్టారు. ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుంటూ షెడ్డుకు నడిచారు. ఆ మధ్యాహ్నం చల్లగదుల రిజిస్టరు గంట ఆలస్యంగా రాశారు, అదీ రామకాంత్ గారే రాశారు. గఫూర్ ఇంకా పదిహేడో గోతి దగ్గరే ఉన్నాడు.